వెల్డింగ్ చేయని ఇరుసు

2018 వసంతంలో నన్ను డిట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా కంపెనీ టెస్ట్ ల్యాబ్‌కు ముఖ్య ఇంజనీరుగా వేశారు. పికప్ ట్రక్కులకు వెనక ఇరుసులు తయారుచేసి ట్రక్కు కంపెనీలకు సరఫరా చేసే సంస్థ మాది. ఇరుసు అంటే మధ్యలో గేర్లుండే ఇనుప పెట్టె, దానికి చెరోవైపు ఒక ఉక్కు గొట్టం, గొట్టాల చివర చక్రాలు. దాన్ని చట్రంలో బిగించి, వంచి, మెలిపెట్టి, ఎంతవరకు తట్టుకుంటుందో ముందే తెలుసుకోవడం ల్యాబ్ పని. కొన్నవాళ్ల చేతుల్లో విరగడం కంటే మా చేతుల్లో విరగడం మేలు అన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం.

నేను చేరిన నెలలోనే మూడు ఇరుసులు వెనక్కి వచ్చాయి. మూడింటికీ గొట్టాలు వంగి ఉన్నాయి. మూడూ కౌంటీ ఫెయిర్లలో, అంటే ఇక్కడి జిల్లా తిరునాళ్లలో, స్లెడ్ అనే బరువు బండిని లాగే పోటీలకు వెళ్లొచ్చిన ట్రక్కులవి.

ఆ గొట్టాన్ని డిజైన్ చేసింది రవళి. కరీంనగర్ నుంచి మాస్టర్స్‌కు వచ్చి, ఈ ఊళ్లోనే ఉద్యోగంలో స్థిరపడిన అమ్మాయి. మా దగ్గర ఆమె హోదా రిలీజ్ ఇంజనీర్. ఒక భాగం డిజైన్ బొమ్మ మీద ఎవరి పేరు ఉంటుందో వాళ్లే దానికి రిలీజ్ ఇంజనీర్. ఆ భాగం బాగున్నన్నాళ్లు ఆ పేరు ఎవరూ చదవరు. విరిగిన రోజున అందరూ చదువుతారు. పాత గొట్టం మందంగా, బరువుగా ఉండేది. రవళి గట్టి ఉక్కు తీసుకుని, వేడిచేసి చల్లార్చే పద్ధతిలో దాని బలం ఇంకా పెంచి, గొట్టాన్ని పలుచన చేసింది. ల్యాబ్‌లో అది పాతదానికంటే బాగా నిలిచింది. ఆ పరీక్షలు నాకంటే ముందు పనిచేసిన వాళ్లు చేశారు. నేను రాగానే వాటిని మళ్లీ చేయించాను. ఫలితం మారలేదు.

ప్రోగ్రామ్ మేనేజర్ పీటర్ మీటింగ్ పెట్టాడు. మా కంపెనీలో ప్రోగ్రామ్ మేనేజర్ అంటే డిజైన్, టెస్ట్, తయారీ మూడింటి మీదా మాట చెల్లే మనిషి. అతను చెప్పింది సూటిగానే ఉంది. ల్యాబ్ లెక్కలు ఎలా ఉన్నా ఫెయిర్‌లో గొట్టం వంగుతోంది. కాబట్టి పాత మందం గొట్టానికి తిరిగి వెళ్దాం, పలుచని గొట్టం పని ఆపేద్దాం. పని ఆగితే దాని మీద ఉన్న టీమ్ కూడా ఉండదు. రవళి హెచ్-1 వీసా మీద ఉంది. టీమ్ పోతే అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి, లేదా దేశం వదలాలి. ఈ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమె మాత్రం ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ వీసా ఊసెత్తలేదు. ఆమె తగువంతా గొట్టం గురించే.

మూడు ఇరుసులూ ఒకే చోట వంగాయని ఆమె చూపించింది. లాగుడు పోటీలకు వెళ్లేవాళ్లు ఇరుసు మెలితిరగకుండా పొడవాటి ఉక్కు బార్లు వేస్తారు. ఒక కొస ట్రక్కు ఛాసిస్‌కు, రెండో కొస ఇరుసు గొట్టానికి. గొట్టం మీద ఆ కొసను నేరుగా వెల్డ్ చేస్తారు. మూడు గొట్టాలూ సరిగ్గా ఆ వెల్డ్ అంచునే వంగాయి. వెల్డింగ్ వేడికి అక్కడి ఉక్కు తన బలం పోగొట్టుకుంటుంది. పాత మందపు గొట్టం ఆ నష్టాన్ని భరించేది. పలుచనిది భరించదు.

పీటర్ శ్రద్ధగా విన్నాడు. తర్వాత, ఈ దేశంలో ట్రక్కులు కొనేవాళ్లు తాతల నాటి నుంచి వెల్డ్ చేస్తూనే ఉన్నారని, వెల్డ్ లేకుండా ఫెయిర్‌లో ఆ ఇరుసు నిలుస్తుందని చెప్పడానికి ఎవరి దగ్గరా రుజువు లేదని అన్నాడు. ఫెయిర్‌లో పడే బరువు మీ ల్యాబ్‌లో పుట్టదని కూడా అన్నాడు. అందులో ఎగతాళి లేదు. అతను పల్లెటూరి వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాడు, ఆ పోటీలు చూసి పెరిగినవాడు.

"అయితే మేమే ఒక ట్రక్కు కట్టుకుని వెళ్తాం," అంది రవళి.

కంపెనీ ట్రక్కు ఇవ్వడం కుదరదని పీటర్ అక్కడికక్కడే చెప్పేశాడు. లాయర్లు ఒప్పుకోరు. కంపెనీ పేరున్న టోపీ కూడా ఆ మైదానంలో కనపడకూడదన్నాడు. సెలవు రోజున, సొంత ట్రక్కుతో ఎవరేం చేసుకున్నా తనకు తెలియనక్కర్లేదని ముగించాడు.

ఆ ఇరుసు ఉన్న సొంత ట్రక్కు మా టీమ్‌లో ఒక్కరికే ఉంది. నాకు. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే డీజిల్ పికప్. ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్లలో ఇల్లు మారినవాళ్లంతా దాన్ని ఎరుగుదురు. సోఫాలు, మంచాలు, బతుకమ్మ రోజున పూల బుట్టలు, అన్నీ దాంట్లోనే మోశాం. మీటింగ్ గది నుంచి బయటికి వస్తూ రవళి నా వైపు చూసింది. అడగలేదు.

"శనివారం పొద్దున మా గరాజ్‌కి రా," అన్నాను.

ఈ పోటీ ఏమిటో చెప్పాలి. మాది ఒంగోలు వైపు. ఎడ్ల బండలాగుడు చూసి పెరిగినదాన్ని. అక్కడ బండ బరువు మారదు. ఇచ్చిన సమయంలో ఎడ్ల జత ఎంత దూరం లాగిందన్నదే లెక్క. ఇక్కడ లాగే కొద్దీ బరువు పెరుగుతుంది. స్లెడ్ అనేది లారీ ట్రైలరంత పొడవైన ఇనుప బండి. వెనక చక్రాలుంటాయి. ముందు భాగం చదునైన పళ్లెంలా నేలకు ఆనుకుని ఉంటుంది. పైన బరువుల పెట్టె. ట్రక్కు కదిలిన కొద్దీ ఆ పెట్టె వెనక నుంచి ముందుకు జరుగుతుంది. బరువంతా చక్రాల మీద నుంచి పళ్లెం మీదికి వచ్చి, పళ్లెం మట్టిని కరుచుకుంటుంది. బయలుదేరేటప్పుడు తేలిగ్గా వచ్చేది చివరికి కొండలా అవుతుంది. మూడు వందల అడుగులు దాటిస్తే 'ఫుల్ పుల్' అంటారు. దాటలేకపోతే ఎక్కడ ఆగిందో అక్కడికి టేపు పెట్టి కొలుస్తారు.

ట్రక్కును దీనికి సిద్ధం చేయడంలో ఇంజిన్ బలం గురించే జనం మాట్లాడతారు. నిజానికి ఎక్కువ పని వెనక భాగంలోనే ఉంటుంది. వెనక ఇరుసు కమాను కట్టల మీద, అంటే ఉక్కు పట్టీల స్ప్రింగుల మీద, కూర్చుంటుంది. చక్రాలు మట్టిని వెనక్కి తోస్తుంటే ఇరుసు తానే తిరగబోతుంది. కమాను పట్టీలు మెలిపడి, ఒక హద్దు దాటాక విదిలించుకుంటాయి. మళ్లీ మెలిపడతాయి. ట్రక్కు గంతులు వేయడం మొదలుపెడుతుంది. ఇరుసులు, జాయింట్లు విరిగేది ఆ గంతుల్లోనే. దాన్ని ఆపడానికే నేను చెప్పిన బార్లు. వాటిని ట్రాక్షన్ బార్లంటారు.

అందరూ వెల్డ్ చేసే చోట రవళి బిగింపు పెట్టింది. కమాను కట్ట కింద, ఇరుసు గొట్టం అన్నిటికంటే బలంగా ఉండే చోట, మందమైన రెండు పలకల మధ్య గొట్టాన్ని నొక్కి యు-బోల్టులతో కట్టింది. గొట్టం మీద నిప్పురవ్వ పడలేదు. బిగించాక పలక మీద నుంచి గొట్టం మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను. ల్యాబ్‌లో ప్రతి బిగింపు మీదా గీస్తాం. బిగింపు వెంట్రుకవాసి జారినా గీత విరుగుతుంది. దీన్ని మేం సాక్షి గీత అంటాం.

తర్వాత వెనక భాగం కుంగకుండా ఛాసిస్‌కూ ఇరుసుకూ మధ్య ఉక్కు దిమ్మెలు పెట్టాం. గొలుసు తగిలించే కొక్కేన్ని, అంటే హిచ్‌ని, ఎత్తు మార్చుకునేలా రంధ్రాల వరుసతో చేయించాం. మేం వెళ్లబోయే పోటీ తరగతిలో హిచ్ ఎత్తు ఇరవయ్యారు అంగుళాలు దాటకూడదు. అందరూ సరిగ్గా ఆ హద్దు మీదే పెడతారు. ఎత్తు పెరిగిన కొద్దీ వెనక చక్రాల మీద బరువు పడుతుంది. అయితే అంత బరువూ ముందు చక్రాల నుంచే వస్తుంది. అందుకని ముందు బంపర్‌కు ఒక చట్రం కట్టి దానికి ఇనుప దిమ్మెలు వేలాడదీస్తారు. ట్రాక్టర్లకు వాడే ఆ దిమ్మెలకు పైన పిడి ఉంటుంది కాబట్టి ఇక్కడివాళ్లు వాటిని సూట్‌కేసులంటారు.

మా వారు మూర్తి గారు గరాజ్ తలుపు దగ్గర కాఫీ పట్టుకుని నిలబడి అన్నారు. "ఇన్ని సూట్‌కేసులేంటి సుభద్రా, ఇండియా ప్రయాణమా? ఆవకాయ జాడీకి చోటుంచావా?"

"బావగారూ, ఒక చెయ్యి వెయ్యరాదు?" అంది రవళి.

"నేను ఎకౌంట్స్ వాణ్ణమ్మా. ఎత్తింది ఎంతో రాస్తాను గానీ ఎత్తను," అని ఆయన కాఫీ పక్కన పెట్టి రెండు దిమ్మెలు మోశారు.

ఊళ్లో మాట పాకింది. వారాంతం విందుల్లో ఒకాయన నన్ను పట్టుకుని, ఇంత చదువు చదివి మట్టిలో ట్రాక్టర్ ఆటలేమిటండీ, అదీ ఆడపిల్లను డ్రైవరుగా కూర్చోబెట్టి, అన్నారు. ఆ ట్రాక్టర్ ఆటలు ఆడేవాళ్లు కొనే ట్రక్కుల మీదే ఈ ఊళ్లో సగం ఇళ్లు నిలబడ్డాయండీ అన్నాను. ఆయన ప్లేటు పట్టుకుని పెరుగన్నం వైపు వెళ్లిపోయారు.

చివరగా గొట్టాల మీద మా ల్యాబ్ పద్ధతిలో సన్నని రేకు గేజ్‌లు అంటించాం. ఉక్కు ఎంత సాగిందో అవి చెబుతాయి. వాటి తీగలు సీటు వెనక ఒక రికార్డర్‌కు పోతాయి. ముందు ఇరుసుకూ రెండు పెట్టాం. పోటీలో గెలవడానికి ఇవేవీ అక్కరకు రావు. మేం వెళ్తున్నది గెలవడానికి కాదు, వంగుతుందో లేదో చూడటానికి.

దక్షిణ మిషిగన్‌లో ఒక కౌంటీ ఫెయిర్. ఎండాకాలం, శనివారం మధ్యాహ్నం. ఒక పక్క పందులకూ ఆవులకూ బహుమతులు ఇచ్చే షెడ్లు, ఇంకో పక్క నిమ్మరసం బండ్లు, నడుమ చదును చేసిన మట్టి బాట, దాని చుట్టూ బెంచీలు. పోటీకి ముందు ప్రతి ట్రక్కునూ తనిఖీ చేస్తారు. మా వరుసకు వచ్చింది లిండా అనే ఆవిడ. అరవై దాటిన మనిషి. మెడలో విజిలు, చేతిలో టేపు. డ్రైవరుతో సహా ట్రక్కును కాటా మీద తూచి తరగతి బరువు దాటలేదని చూసింది. హిచ్ ఎత్తు కొలిచింది. ఇంజిన్ బలాన్ని ఇరుసుకు చేర్చే డ్రైవ్ షాఫ్టు విరిగితే నేల మీద కొట్టుకోకుండా ఉండే ఇనుప వలయాలను చేత్తో లాగి చూసింది. ట్రక్కు వెనక ఒక రింగు ఉంటుంది. దానికి స్లెడ్ నుంచి తీగ కడతారు. గొలుసు తెగి ట్రక్కు విడిపోతే ఆ తీగ రింగును లాగేసి ఇంజిన్‌కు గాలి ఆపేస్తుంది. ఆ రింగును కూడా తనే లాగి ఇంజిన్ ఆగిందని నిర్ధారించుకుంది.

తర్వాత కింద పడుకుని ఇరుసు చూసింది. గొట్టం వెంట చేత్తో తడిమింది.

"వెల్డ్ ఏది?" అని అడిగింది.

లేదని, బిగించామని రవళి చెప్పింది.

"అమ్మాయ్, ఇది జారుతుంది. లేదంటే గొట్టం వంగుతుంది. ఈ ఇరుసులన్నీ కొత్తగా వంగుతున్నాయి, ఎవరో కాగితమంత పలచగా చేశారట."

"నేనే చేశాను," అంది రవళి.

లిండా లేచి కూర్చుని ఆమెను పైకీ కిందికీ చూసింది. రవళి జుట్టు ముడి వేసుకుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. "అయితే నువ్వు నడపాల్సిందే," అని లిండా ట్రక్కు ముందు అద్దం మీద పచ్చ స్టిక్కర్ అతికించింది. తీగల గురించి అడిగితే నేను కొలతలకని చెప్పాను. కొలిచే పని తనదని, మీరు లాగండని అంది.

వరుస కోసం చీటీ తీస్తే మాకు మొదటి స్థానం వచ్చింది. మొదట లాగేవాళ్లను టెస్ట్ పుల్లర్ అంటారు. ఆ రోజు మట్టి ఎలా ఉందో, స్లెడ్‌లో ఎంత బరువు పెట్టాలో వాళ్ల మీదే చూసుకుంటారు. అందుకని మొదటి చీటీ ఎవరికీ ఇష్టముండదు. బదులుగా వాళ్లకు ఒక వెసులుబాటు ఉంటుంది. వచ్చిన దూరం ఒప్పుకోవచ్చు, లేదా దాన్ని వదులుకుని తర్వాత మళ్లీ లాగవచ్చు.

ఇక్కడ రవళి ఒక తప్పు చేసింది. ఫెయిర్‌లో పెరిగినవాళ్లు ఎవరూ చేయని తప్పు, మా వృత్తివాళ్లు మాత్రమే చేసేది. ఆమెకు మా టెస్ట్ ట్రాక్ మీద నడిపే లైసెన్సు ఉంది. ఆ లైసెన్సు ఇచ్చేటప్పుడు మేం మొదట నేర్పేది ఒకటే. కొలత మొదలయ్యాక పెడల్ కదపకూడదు. బండి ఊగినా, ఎగిరినా, చివరి బోర్డు వచ్చేదాకా కాలు రాయిలా ఉండాలి. కాలు కదిలితే ఆ పరుగు చెత్తబుట్టకే. స్లెడ్ లాగేవాళ్లకు మొదట నేర్పేది దీనికి సరిగ్గా ఎదురు. బండి గంతు వేసిన మరుక్షణం కాలు తీసెయ్.

గొలుసు బిగిసింది. పచ్చ జెండా ఊపారు. మొదటి మూడో వంతు దూరం చక్కగానే వెళ్లింది. తర్వాత ముందు చక్రాలు తేలిక కావడం బయటి నుంచే కనిపించింది. ఒక గంతు. ఇంకో గంతు. ట్రక్కు వెనక భాగం నేలను కొడుతోంది. చుట్టూ ఉన్నవాళ్లు కాలు తియ్యమని అరుస్తున్నారు. రవళి కాలు తియ్యలేదు. ఎర్ర జెండా ఊపేదాకా ఇంజిన్ మోత ఒక్క పిసరు తగ్గలేదు. మైకు పట్టుకున్న మనిషి, డిట్రాయిట్ నుంచి వచ్చిన ఆడవాళ్లకు కుందేలు సవారీ దొరికిందని ఏదో అన్నాడు. బెంచీలు నవ్వాయి.

ట్రక్కును పక్కకు తెచ్చాక లిండా వచ్చింది. అంత దెబ్బకు ఏ ఇరుసూ నిలవదని, ఇంకో లాగుడు ప్రమాదమని, ఇంటికి పొమ్మని అంది. ఆ మాటలో కోపం లేదు.

రవళి హెల్మెట్ తీసి టైరు మీద కూర్చుంది.

"అక్కా, నేను కాలు తియ్యలే."

"చూశాను."

"టెస్ట్ అనుకున్న. బోర్డు కోసం చూస్తున్న. ఇక్కడ బోర్డేడిది?"

"టెస్టే కదా. ఇంతకంటే పెద్ద టెస్ట్ మనం పెట్టగలిగేవాళ్లమా? లే, కొలుద్దాం."

వంగిన గొట్టాన్ని కంటితో పట్టుకోవడం కష్టం. రెండు వెనక టైర్ల మధ్య దూరాన్ని వాటి ముందంచున ఒకసారి, వెనకంచున ఒకసారి కొలవాలి. గొట్టం వంగితే ఆ రెండూ కలవవు. టేపు ఒక కొస నేను, ఒక కొస మూర్తి గారు పట్టుకున్నాం. కలిశాయి. పొద్దున ఇంట్లో కొలిచినదాంతో కూడా కలిశాయి. చక్రాల దగ్గర నూనె కారలేదు. రెండు వైపులా సాక్షి గీతలు విరగలేదు. లిండా నమ్మక టేపు తీసుకుని తనే కొలిచింది. తర్వాత అట్టముక్క పరుచుకుని కిందికి దూరి తెల్ల గీతను గోటితో గీకి చూసి, సరే, ఇంకోసారి లాగండంది.

రవళి ల్యాప్‌టాప్‌లో రికార్డర్ తెరిచింది. ప్రతి గంతుకూ ముందు ఇరుసు మీద లాగుడు సున్నాకు పడుతోంది. అంటే ముందు చక్రాలు గాలిలో ఉన్నాయి. ఆ క్షణాన మొత్తం పనీ వెనక ఇరుసు ఒక్కటే చేస్తోంది. కారణం హిచ్ ఎత్తు. రూలు ఒప్పుకున్నంత పైకి పెట్టిన కొక్కెం మా ట్రక్కు ముందు భాగాన్ని లేపేస్తోంది.

"కిందికి దించుదాం," అంది.

పక్క ట్రక్కులవాళ్లు ఇద్దరు ముగ్గురు అప్పటికే చుట్టూ చేరారు. హిచ్ దించడం అంటే ఓడిపోవడానికి సంతకం పెట్టడమని వాళ్లు చెప్పారు. ఎవరూ దించరని, ఇంకా ముందు బరువులు వెయ్యమని, లేదా ఇంటికి పొమ్మని సలహా ఇచ్చారు. బరువులు వేయడానికి కాటా హద్దు మిగల్లేదు. రవళి పానా అందుకుంది. రెండు రంధ్రాలు దించాం. వెనక టైర్ల పక్కగోడలు మెలిపడకుండా కొంచెం గాలి పెంచాం. తనిఖీ అయ్యాక ఏది మార్చినా మళ్లీ చూపించాలి. లిండా మళ్లీ కొలిచింది.

"అందరూ ఒక అంగుళం కోసం నాతో పోట్లాడతారు. ఇచ్చిన అంగుళాలు తిరిగి ఇచ్చినదానివి నువ్వొక్కదానివే," అంది.

"వాళ్లకు రెండు చక్రాలు చాలేమో. నాకు నాలుగూ కావాలి," అంది రవళి.

మళ్లీ మా వంతు వచ్చేసరికి సాయంత్రపు వెలుగు పసుపెక్కింది. ఈసారి ట్రక్కు గంతు వేయలేదు. నాలుగు చక్రాలూ మట్టిని ఒకే తీరుగా తవ్వుకుంటూ వెళ్లాయి. సగం దాటింది. పెట్టె ముందుకు వచ్చిన కొద్దీ ఇంజిన్ గొంతు బరువెక్కింది. ట్రక్కు నెమ్మదించి, నెమ్మదించి, మూడు వందల గీతకు రెండు ట్రక్కుల పొడవు ముందు ఆగిపోయింది. ఫుల్ పుల్ కాదు. ఆ రోజు వరుసలో మధ్యలో ఎక్కడో నిలిచాం. మైకు మనిషి దూరం చదివాడు, ఈసారి కుందేలు మాట ఎత్తలేదు. గొట్టం కొలిచాం. నిటారుగా ఉంది. అదే ట్రక్కును రవళి ఇంటికి నడుపుకొచ్చింది. దారిలో ఒక విశ్రాంతి స్థలంలో ఆగి మూర్తి గారు తెచ్చిన పులిహోర తిన్నాం.

సోమవారం పీటర్‌కు అంతా చూపించాం. అతను రికార్డర్ గీతలు చాలాసేపు చూశాడు. గంతుల దగ్గర ఆగి, ఇది ఎవరి కాలు అని అడిగాడు. రవళి చెయ్యెత్తింది. ఆ బరువులు మా ల్యాబ్ ప్రమాణాల కంటే ఎక్కువని ఒప్పుకున్నాడు. అయినా తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క ట్రక్కును డేటా అనలేం," అన్నాడు.

రవళి గొంతు పెంచలేదు. "మూడు ట్రక్కులు చూసి నా గొట్టాన్ని తీసేయబోయారు. మూడు లెక్కలోకి వచ్చినప్పుడు నాలుగోది ఎందుకు రాదు?"

పీటర్ మొండివాడే గాని న్యాయం తెలియనివాడు కాదు. అయితే రెండూ పెట్టండి అన్నాడు. ఫెయిర్‌లో రికార్డు చేసిన ఆ గంతులనే ల్యాబ్ యంత్రంలో రెండు ఇరుసుల మీద నడపాలి. ఒకటి మేం బిగించినట్టు, ఇంకోటి జనం వెల్డ్ చేసినట్టు. వెల్డింగ్ మాత్రం మా ల్యాబ్‌వాళ్లు చేయకూడదని, పోటీలకు వెళ్లేవాళ్లకు చేసిపెట్టే షెడ్డులోనే చేయించాలని షరతు పెట్టాడు. ఆ షరతు సరైనదే. మేం చేస్తే జాగ్రత్తగా చేసి పరీక్షను పాడుచేసేవాళ్లం.

వెల్డ్ చేసిన గొట్టం, తిరిగొచ్చిన మూడింటిలాగే, వెల్డ్ అంచున వంగింది. బిగించినది యంత్రం ఆగేదాకా వంగలేదు.

పీటర్‌కు ఇంకొక ప్రశ్న మిగిలింది. ప్రతి ఫెయిర్‌లో నిలబడి వెల్డ్ చేయకండని జనానికి ఎవరు చెబుతారు? అది న్యాయమైన ప్రశ్న. రవళి దగ్గర దానికి జవాబు ఉంది. కమాను కట్ట కూర్చునే దిమ్మెలో బోల్టులకు మరలు కోసిన రంధ్రాలు ఫ్యాక్టరీలోనే పెడితే, బార్లు కావలసినవాళ్లు వెల్డింగ్ జోలికి వెళ్లకుండా అక్కడే బిగించుకుంటారు. వెల్డింగ్ కంటే అది తేలిక. తేలికైనదాన్ని జనం వాళ్లంతట వాళ్లే ఎంచుకుంటారు. పలుచని గొట్టం ఆ రంధ్రాలతో తయారీలోకి వెళ్లింది. టీమ్ నిలిచింది. బొమ్మ మీద రవళి పేరు అలాగే ఉంది.

నాకు మాత్రం పై అధికారుల నుంచి పిలుపు వచ్చింది. కంపెనీ గేజ్‌లను, రికార్డర్‌ను సొంత ట్రక్కు మీద వాడినందుకు తప్పయిందని రాసివ్వమన్నారు. వాడానని రాసిచ్చాను, తప్పయిందని రాయలేదు. పదవీ విరమణ చేసేదాకా ఆ విషయం రెండుసార్లు కదిలింది. రెండుసార్లూ అదే మాట చెప్పాను.

ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు ఆ వేసవి నుంచి నేను చెప్పగలిగింది కొంచెమే. విరిగిన భాగం ఏ చోట విరిగిందో చెబుతుంది. ఎలా వాడితే విరిగిందో చెప్పదు. అది తెలియాలంటే వాడే చోటికి వెళ్లి, వాడేవాళ్ల మధ్య, వాళ్ల రూళ్ల ప్రకారం గొలుసు తగిలించుకోవాలి. అక్కడ మన శిక్షణ మనకే అడ్డం రావచ్చు. జనం నవ్వవచ్చు. పైవాళ్లు అనుమతి ఇవ్వకపోవచ్చు. రుజువు లేదన్నవాళ్ల దగ్గరికి రుజువు తానుగా నడిచి రాదు, ఎవరో ఒకరు వెళ్లి తేవాలి. తెచ్చాక దాన్ని లెక్కలో వేసేదాకా గది వదలకూడదు.